మాలకొండయ్య పోలీసు సెట్టు

భార్య పోయిన ఆరు నెలలకి మాలకొండయ్య తన వ్యానులో పోలీసుల మాటలు వినిపించే సెట్టు బిగించుకున్నాడు. ఆ రోజు నుంచి అతని చెవి అతనిది కాకుండా పోయింది.

అతను హైవే పక్కన కార్లకీ లారీలకీ కరెంటు పని చేస్తాడు. ఏ వైరు ఎక్కడ తెగిందో చేత్తో తడిమి చెప్పగలడు. పక్క షాపు అంకయ్య గారిది. ఆయన లారీ సీట్లు కుడతారు. డెబ్బై ఏళ్ళ మనిషి. చేతిలో దబ్బనం, ఒళ్ళో రెగ్జిను. చూడ్డానికి అంతే. కానీ ఆదివారం పొద్దున ఆ షాపు వెనక రేకుల షెడ్డులో పదిహేను మంది దాకా చేరతారు. ఆయన గుడీ పూజా అక్కర్లేదనే అచల గురువుల వరసలో వచ్చినవారు. పెద్దగా బోధలు చేయరు. ఎవరన్నా తత్వం పాడితే వింటారు. తర్వాత అందరూ కాసేపు ఊరికే కూర్చుంటారు. మాలకొండయ్య పన్నెండేళ్ళుగా ఆయన శిష్యుడు.

అతని భార్య సుభాషిణి చెల్లెలింటి నుంచి ఆటోలో వస్తుంటే చింతలగుంట దాటాక మలుపులో లారీ తగిలింది. పొద్దున పదకొండు గంటలప్పుడు. ఆ చోటు మాలకొండయ్య షాపుకి మూడు మైళ్ళు కూడా ఉండదు. ఆ సమయంలో అతను ఒక అంబాసిడర్ కారు కింద వెల్లకిలా పడుకుని, ఏదో పాట పాడుకుంటూ వైర్లు చూస్తున్నాడు. ఫోన్ చేస్తే వచ్చే అంబులెన్సులు అప్పటికింకా మన రోడ్ల మీదికి రాలేదు. ఆవిడ నలభై నిమిషాలు రోడ్డు పక్కనే ఉందనీ, చివరికి ఎవరో లారీవాళ్ళు ఎక్కించుకున్నారనీ, ఆసుపత్రి గుమ్మంలోనే ప్రాణం పోయిందనీ తర్వాత చెప్పారు. అంతకు మించి అతను ఎవర్నీ ఏమీ అడగలేదు. నలభై నిమిషాలన్న మాట ఒక్కటి చాలింది.

యాక్సిడెంటు ఎక్కడ జరిగినా ముందు పోలీసుల వైర్‌లెస్‌లో చెప్పుకుంటారనీ, ఆ మాటలు పట్టే పెట్టెలు మద్రాసులో దొరుకుతాయనీ ఒక లారీ డ్రైవరు చెప్పాడు. మాలకొండయ్య ఆ రాత్రే బస్సెక్కి, పాత సామాన్ల బజారంతా గాలించి స్కానర్ సెట్టు తెచ్చాడు. అరచేతికి కాస్త పెద్ద పెట్టె. ఒక్కో చానెలూ తడుముకుంటూ పోయి, ఎక్కడ మాట వినిపిస్తే అక్కడ ఆగుతుంది.

దాన్ని డాష్‌బోర్డు కింద ఇనప పట్టీతో బిగించాడు. బ్యాటరీ నుంచి విడిగా వైరు లాగి మధ్యలో ఫ్యూజు పెట్టాడు. ఎర్తు కోసం బాడీ మీద రంగు గీకి బోల్టు వేశాడు. ఏరియల్ టాపు మధ్యలో నిలబెట్టి, దాని వైరు తలుపు రబ్బరు వెంబడి లోపలికి దింపాడు. ఇంజను స్టార్టు చేస్తే మాటల వెనక తుమ్మెద రొదలాంటి మోత వచ్చేది. ఎక్కడెక్కడో కండెన్సర్లు మార్చి మార్చి వారం రోజులకి ఆ రొద కూడా పోగొట్టాడు. అంత శ్రద్ధగా అతను జీవితంలో ఏ పనీ చేయలేదు.

పర్మిషను లేకుండా అలా వినడం నేరమని అతనికి తెలుసు. తెలిసే పెట్టాడు. పోలీసులకీ సంగతి తెలిసింది గానీ, దెబ్బలు తగిలినవాళ్ళని తమకంటే ముందొచ్చి వ్యానులో ఎత్తుకెళ్తున్న మనిషిని ఏమంటారు? చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

ఏడాదిన్నరలో పందొమ్మిది మందిని ఆసుపత్రికి చేర్చాడు. పదమూడు మంది బతికారు. ఈ లెక్క ఎవరు అడిగినా చెప్పేవాడు, అడక్కపోయినా చెప్పేవాడు. బండి తీశాడంటే దారిలో గేదెలు కూడా పక్కకి తప్పుకునేవి. షాపులో పని చేస్తున్నా, అన్నం తింటున్నా సెట్టు మోగుతూ ఉండాల్సిందే. చివరికి అన్నం కూడా వ్యానులోనే తినేవాడు. ఇంట్లో సుభాషిణి తల్లి ఉంది, కూతురు పోయాక అల్లుడికి ఇంత వండి పెడదామని వచ్చిన మనిషి. ఆవిడ క్యారేజీ కట్టి గుమ్మంలో పెట్టేది. ఇద్దరి మధ్యా అంతకు మించి మాట లేదు.

ఆదివారాలు వ్యాను షెడ్డుకి ఎదురుగా తలుపు తీసి ఉంచేవాడు. ఒక పక్క తత్వం సాగుతుంటే మరో పక్క ఎవరో కానిస్టేబులు గొంతు. అందరూ మౌనంగా కూర్చున్నప్పుడు ఆ గొంతు ఇంకా పెద్దగా వినిపించేది. మిగతా శిష్యులు విసుక్కుని గురువుగారితో చెప్పారు.

“వాడికి చెవి నొప్పిగా ఉంది. ఉండనీండి” అన్నారు అంకయ్య గారు.

వ్యాను వెనక సీటు ఆయనే మూడుసార్లు కుట్టారు. రక్తం దారంలోకి దిగితే కడిగినా పోదు. పాత రెగ్జిను ఊడదీసి, లోపలి స్పాంజి మార్చి, కొత్తది తొడిగి ఇచ్చేవారు. ఎవరి రక్తమని ఎప్పుడూ అడగలేదు.

ఒక ఆదివారం తత్వం సగంలో ఉండగా సెట్టు పలికింది. మాలకొండయ్య చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళాడు. తొమ్మిది నిమిషాల్లో చేరాడు. కాలేజీలో చదివే కుర్రవాడు, మోటారు సైకిలు కల్వర్టుకి కొట్టుకుంది. ఎత్తి సీటు మీద పడుకోబెట్టి ఊపిరి బిగబట్టి నడిపాడు. ఆసుపత్రి చేరి వెనక్కి తిరిగి చూసేసరికి కుర్రవాడి కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎప్పుడు పోయాడో తెలియలేదు.

మర్నాడు పొద్దున సీటు కుట్టించడానికి వ్యాను తెచ్చి అంకయ్య గారి షాపు ముందు ఆపాడు. ఆయన కుట్లు విప్పుతుంటే పక్కన నిలబడి, ఈ ఏరియల్ చాలదని చెప్పసాగాడు. ఇంకా పొడుగుది వేయాలట. షాపు మీద స్తంభం పాతి అక్కడో సెట్టు, ఇంట్లో ఇంకో సెట్టు పెట్టాలట. పోలీసులకి కబురు అందేదాకా ఆగితే లాభం లేదట, హోటళ్ళవాళ్ళకీ పెట్రోలు బంకులవాళ్ళకీ చెప్పి ఉంచాలట. అలా చెబుతూ చెబుతూ అతని గొంతు పెద్దదైంది.

“తొమ్మిది నిమిషాలు ఆలస్యమైంది గురువుగారూ. ఇంకా ముందే తెలియాలి.”

“ఎంత ముందు?”

“జరిగిన నిమిషానికే.”

“ఆ నిమిషానికే తెలిస్తే?”

మాలకొండయ్య సీటులోంచి ఊడిన దారప్పోగులు ఒక్కొక్కటే ఏరి చేతిలో పెట్టుకున్నాడు.

“ఆవిడ ఒంటరిగా పడి ఉండేది కాదు” అన్నాడు.

రెండేళ్ళలో భార్య మాట గురువుగారి దగ్గర ఎత్తడం అదే మొదలు.

అంకయ్య గారు దబ్బనం చెక్కకి గుచ్చి లేచారు. వెనక సీటు లేకుండానే బండి తీయమన్నారు. ఎక్కడికని అడిగితే, చింతలగుంట మలుపుకి అన్నారు.

ఆ మలుపు మీదుగా మాలకొండయ్య వందసార్లు పోయి ఉంటాడు. ఒక్కసారీ ఆగలేదు. అక్కడికి రాగానే కళ్ళు రోడ్డుకి అతికించి ఇంకా గట్టిగా తొక్కేవాడు. ఆ రోజు గురువుగారు ఆపమంటే ఆపాడు. పక్కకి తీసి తుమ్మచెట్టు కింద నిలబెట్టాడు.

“ఎంతసేపు ఉందన్నారు?”

“నలభై నిమిషాలు.”

“ఆ సెట్టు కట్టెయ్.”

మాలకొండయ్య చెయ్యి ముందుకి వెళ్ళి ఆగింది. “ఈలోగా ఎక్కడన్నా ఏమన్నా జరిగితే?”

“జరగొచ్చు” అన్నారు ఆయన.

చాలాసేపటికి మాలకొండయ్య మీట తిప్పాడు. సెట్టులో చిన్న ఎర్రదీపం ఆరిపోయింది. ఇద్దరూ దిగి రోడ్డు పక్కన గడ్డిలో కూర్చున్నారు.

మొదట అతను కూర్చోలేకపోయాడు. ఆరిపోయిన సెట్టు వైపే చూశాడు. లారీ పోయినప్పుడల్లా నేల అదిరి, వేడిగాలి మొహానికి కొట్టేది. పది నిమిషాలకి లేచి వ్యాను దాకా వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. ఇంకాసేపటికి చుట్టూ ఉన్నవి కనిపించడం మొదలయ్యాయి. రోడ్డుకి అవతల నిమ్మతోట ఉంది. తోటకి ముళ్ళకంచె, కంచె పక్కన గుడిసె. ఇన్నిసార్లు పోయాడు గానీ అక్కడ తోట ఉందన్న సంగతే అతనికి తెలియదు.

గుడిసెలోంచి ఒకామె స్టీలు చెంబుతో నీళ్ళు పట్టుకుని రోడ్డు దాటి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. తోట కాపలా మనిషి, పేరు తిరపతమ్మ. బండి చెడిందా అయ్యా అని అడిగింది. లేదమ్మా, ఊరికే కూర్చున్నామన్నారు అంకయ్య గారు. ఈ మలుపులో ఊరికే కూర్చోవద్దనీ, ఇక్కడ చాలా జరిగాయనీ చెప్పి చెంబు అందించింది. రెండేళ్ళ కిందట ఒక ఆటో ఇదిగో ఇక్కడే పడిందంది.

మాలకొండయ్య చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

ఆమె తనంతట తనే చెప్పుకుపోయింది. చప్పుడు విని పరుగెత్తుకొచ్చిందట. ఆటో నడిపేవాడు బండి కోసం ఊళ్ళోకి పరుగెత్తాడట. ఆకుపచ్చ చీర కట్టుకున్నామె ఒక్కతే లేవలేకపోయింది. తిరపతమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, పైట చింపి కట్టు కట్టిందట. వచ్చే బండ్లకల్లా తన మొగుడు చెయ్యి ఊపాడట. ఆమెకి తెలివి బాగానే ఉందనీ, మెల్లగా మాట్లాడిందనీ చెప్పింది.

“ఏం మాట్లాడింది?” అన్నాడు మాలకొండయ్య.

“తోట అప్పుడు పూత మీదుందయ్యా. ఏమిటీ వాసన అనడిగింది. నిమ్మపూత తల్లీ అన్నా. బాగుందంది.” తిరపతమ్మ తోట వైపు చూసింది. “వాళ్ళాయన షాపు దగ్గరేనంట. మా ఆయన్ని సైకిలు మీద పంపి పిలిపిస్తానన్నా. వద్దంది.”

“ఎందుకు?”

“‘ఆయనకి ఇప్పుడే చెప్పొద్దక్కా. చెబితే వెనకా ముందూ చూడకుండా బండేసుకుని వచ్చేస్తాడు. ఈ రోడ్డు మంచిది కాదు’ అంది. నాచేత ఒట్టు కూడా వేయించుకుంది. అందుకే పంపలేదు. పంపాల్సిందేమోనని ఇప్పటికీ అనిపిస్తది నాకు.”

ఒక లారీ వచ్చి పోయింది. దాని దుమ్ము మెల్లగా కిందికి దిగింది.

“మా ఇంటావిడ ఆవిడ” అన్నాడు మాలకొండయ్య.

తిరపతమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత అతనికి ఎదురుగా గడ్డిలో కూలబడి, అతని చేతిలో చెంబు తీసి పక్కన పెట్టి, ఆ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

“లారీ ఎక్కించేదాకా నా ఒళ్ళోనే ఉందయ్యా. ఒళ్ళు వెచ్చగానే ఉంది” అంది.

మాలకొండయ్య ఏడ్చాడు. ఆసుపత్రిలో ఏడవలేదు, శ్మశానంలో ఏడవలేదు. అక్కడ గడ్డిలో, రోడ్డున పోయేవాళ్ళు చూస్తుండగా, తలకాయ మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఏడ్చాడు. అంకయ్య గారు లేవలేదు, ఓదార్చలేదు. ఎండ చెట్టు దాటి వాళ్ళ మీదికి వచ్చినా ముగ్గురూ అలాగే కూర్చున్నారు.

ఆ సాయంత్రం మాలకొండయ్య ఇంటికి పెందలాడే వెళ్ళి, అత్తగారి ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, తిరపతమ్మ చెప్పిందంతా చెప్పాడు. నిమ్మపూత సంగతి ఆవిడ మళ్ళీ చెప్పించుకుంది. ఆ వారంలోనే ఆమెని వ్యానులో తోటకి తీసుకెళ్ళాడు. ఆడవాళ్ళిద్దరూ గుడిసెలో చాలాసేపు మాట్లాడుకున్నారు. అతను బయట కూర్చున్నాడు.

సెట్టు మాత్రం పీకేయలేదు. పిలుపు వస్తే వెళ్ళేవాడు. షాపు మీద స్తంభం పాతలేదు, పొడుగు ఏరియల్ మాట మళ్ళీ ఎత్తలేదు. కొన్నాళ్ళకి బైపాసు దగ్గర ఒక లారీ క్లీనరు డాష్‌బోర్డుకీ సీటుకీ మధ్య ఇరుక్కుపోయాడు. ఇనుము కోసి తీయడానికి మనుషులు రావాలి. వాడు బతకడని చూసినవాళ్ళందరికీ తెలుస్తూనే ఉంది. మాలకొండయ్య పైకెక్కి వాడి చెయ్యి పట్టుకున్నాడు. వాడిది ఏలూరు పక్క. అక్క పెళ్ళి సంగతులు చెప్పాడు. కింద వ్యానులో సెట్టు ఇంకో యాక్సిడెంటు సంగతి చెబుతోంది, నాలుగు మైళ్ళ దూరంలో. మాలకొండయ్య విన్నాడు. ఒకసారి కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి వదల్లేదు. పెళ్ళిలో ఏం వండారని వాడిని అడిగాడు.

ఆ మర్నాడు అంకయ్య గారి దగ్గరికి వెళ్ళి, చాలా రోజులుగా మనసులో ఉన్న మాట అడిగాడు. ఆ మలుపులో అలాంటి మనిషి ఉందని గురువుగారికి ముందే తెలుసా? తెలిసే తీసుకెళ్ళారా?

అంకయ్య గారు దారాన్ని నోటితో తడిపి దబ్బనంలోకి ఎక్కించుకుంటున్నారు. ఎక్కాక తలెత్తారు.

“నాకేం తెలుసు కొండయ్యా? తెలియదు గనకే కూర్చున్నాను” అన్నారు.