బీడులో ఆగిపోయిన బుడంకాయ

అనగనగా ఒక కొండ కింద చిన్న ఊరు. ఆ ఊళ్ళో సింహాద్రి అని ఒకాయన, ఆయన పెళ్ళాం గౌరమ్మ, వాళ్ళ పాప పైడితల్లి ఉండేవాళ్ళు. వాళ్ళకొక బుల్లి కుక్క. పొట్ట గుండ్రంగా ఉంటుందని దాన్ని బుడంకాయ అని పిలిచేవాళ్ళు. ఎంత బుల్లిదంటే, పీట కింద పడుకుంటే తోక కూడా బయటికి రాదు.

ప్రతి ఎండాకాలం వాళ్ళు ముగ్గురూ నడుచుకుంటూ కొండవార ఉన్న గౌరమ్మ అక్క జీడితోటకి పోయేవాళ్ళు. బుడంకాయని మాత్రం ఇంట్లో కట్టేసేవాళ్ళు. అంత దూరం నడవలేదు, ఎవరో ఒకరు మోయాలి అని. ఆ ఏడు పాప ఏడ్చి ఏడ్చి ఒప్పించింది. సింహాద్రి ఒప్పుకున్నాడు గానీ ఒక మాట చెప్పాడు. దారిలో ఒక్కసారి విసిగించినా ఇంకెప్పుడూ తీసుకుపోనన్నాడు. ఆ మాట బుడంకాయ కూడా వింది.

పొద్దున్నే బయల్దేరారు. బుడంకాయ సంతోషం ఎంతని చెప్పను. మిడతల్ని తరిమింది. పేడపురుగుని ఆపి, ఎక్కడికని అడిగింది. అది పనిలో ఉండి పలకలేదు.

ఊరు దాటాక రాళ్ళ బీడు వచ్చింది. సగం దూరం పోయేసరికి ఒక తీతువు పిట్ట వాళ్ళ తలల మీద తిరుగుతూ అరవడం మొదలుపెట్టింది. దారిలో తీతువు అరిస్తే మంచిది కాదని ఆ ఊళ్ళో అంటారు. రాయి విసిరి దాన్ని తోలేసి ముందుకి పోతారు. సింహాద్రి కూడా ఒక రాయి విసిరాడు. పిట్ట తప్పుకుంది. మళ్ళీ వచ్చింది.

మనుషులకి అది ఒట్టి అరుపు. బుడంకాయకి మాటలు వినపడ్డాయి.

"మీవాళ్ళని ఆపు. ముందర నా గుడ్లున్నాయి," అంది పిట్ట.

"గూడేదీ? నాకు రాళ్ళే కనపడుతున్నాయి," అంది బుడంకాయ.

"మేం గూడు కట్టం. రాళ్ళ మధ్యనే పెడతాం. సరిగ్గా చూడు. ఇంతకీ నువ్వు కుక్కవేనా? ఉడతవా?"

"ఉడతంటే పలకను," అంది బుడంకాయ. కానీ చూసింది.

నిజమే. నాలుగు గుడ్లు. మట్టిరంగు మీద నల్ల మచ్చలు. అచ్చం రాళ్ళే. బుడంకాయ పొట్టిది కదా, దాని కళ్ళు నేలకి దగ్గర. అందుకే కనపడ్డాయి. నిలబడ్డ మనిషికి కనపడవు.

బుడంకాయకి ఏం చెయ్యాలో తోచలేదు. ఆపితే విసిగించినట్టే. ఊరుకుంటే తోట చూడొచ్చు.

"నువ్వే చెప్పుకోరాదా వాళ్ళకి?" అంది.

"చెబుతూనే ఉన్నాను. రాళ్ళేస్తున్నారు," అంది పిట్ట.

బుడంకాయ ముందు మొరిగింది. సింహాద్రి నోరుముయ్యమన్నాడు. తర్వాత ఆయన కాళ్ళకి అడ్డం తిరిగింది. కాలితో పక్కకి నెట్టేశాడు. పిట్ట ఇంకా కిందకి వచ్చి అరిచింది. సింహాద్రి పిట్టనే చూస్తూ, ఇంకో రాయి కోసం వంగాడు. చెయ్యి తిన్నగా గుడ్ల మీదకి పోతోంది. బుడంకాయ ఎగిరి ఆయన చొక్కా చెయ్యి పళ్ళతో పట్టి లాగింది. చొక్కా పర్రున చిరిగింది.

"చూశావా దీని పని? చిరిగిన చొక్కాతో మీ అక్క ఇంటికి రావాలా నేను?" అన్నాడు సింహాద్రి.

"చంక కింద చిరుగు పోయినేటిది. అది కూడా కుక్క మీదే వేస్తావా?" అంది గౌరమ్మ.

బుడంకాయ పోయి గుడ్లకి అడ్డంగా పడుకుంది. పాప బతిమాలింది. లేవలేదు. సింహాద్రి ఎత్తబోతే గుర్రుమంది. పుట్టాక అది గుర్రుమనడం అదే మొదలు. ఆయనకి కోపం వచ్చేసింది. పడుండనీ, ఆకలేస్తే అదే ఇంటికి పోద్ది అని, పెళ్ళాన్నీ పాపనీ తీసుకుని పక్కనున్న గట్టు ఎక్కేశాడు. పాప వెనక్కి చూస్తూనే పోయింది.

ఎండ ముదిరింది. పిట్ట నీటిగుంటలో పొట్ట తడుపుకొచ్చి గుడ్ల మీద కూచుంది, వేడికి ఉడికిపోకుండా. బుడంకాయ కొండవైపు చూస్తూ పడుకుంది.

"వాళ్ళు పోయారుగా. నువ్వూ పరిగెత్తు, అందుకుంటావు," అంది పిట్ట.

"మళ్ళీ ఇటే వస్తారు కదా," అంది బుడంకాయ.

సాయంత్రం తోట నుంచి తిరిగొచ్చారు. బుడంకాయ అక్కడే ఉంది, నాలిక బయటపెట్టి. సింహాద్రికి దాన్ని చూస్తే కోపం నిలవలేదు. తీసుకుందామని పక్కన గొంతుక్కూచున్నాడు. పిట్ట లేచి పక్కకి ఎగిరింది. కూచుంటే గాని గుడ్లు కనపడలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పొద్దున తన చెయ్యి ఎక్కడిదాకా పోయిందో అప్పుడు తెలిసింది.

ఏం చూస్తున్నావని గౌరమ్మ దూరం నుంచే గట్టిగా అడిగింది.

సింహాద్రి బుడంకాయని గుండెకి ఎత్తుకుని లేచాడు.

"మెల్లగా మాట్లాడు. గట్టు మీంచి రండి," అన్నాడు. "ఇక్కడ పిల్లలున్నారు."

నీతి: ముందుగా చూసినవాళ్ళే ముందుగా ఆగాలి. ఎందుకు ఆగామో ఎవరికీ తెలియకపోయినా సరే.