చాపంత చోటు

ప్రణతికి మూడు రోజులుగా మనసు కుదురుగా లేదు. డిసెంబరు ప్రదర్శనలో సింహనందిని ఎవరు చెయ్యాలో మాస్టారు చెప్పేశారు. అందులో తన పేరు లేదు, మంజీర పేరుంది.

సింహనందిని అంటే నేల మీద పరిచిన పిండిలో నాట్యం చేస్తూ, పాదాలతోనే సింహం బొమ్మ గీయడం. కూచిపూడి నేర్చుకుంటున్న ఐదేళ్ళూ ప్రణతి దానికోసమే కాచుకుని ఉంది.

కరోనా రోజుల్లో అన్నీ ఫోన్‌లోకి వెళ్ళాయి. పొద్దున బడి, మధ్యాహ్నం ట్యూషన్, సాయంత్రం నాట్యం. ఏడాదిన్నరలో ప్రణతి ఒక్కరోజు కూడా నాట్యం మానలేదు. అది మెచ్చుకోవలసిందే. మిగిలిన పొద్దంతా కూడా ఫోన్ కింద పెట్టలేదు, మేడ మెట్లు ఎక్కలేదు. అది మెచ్చుకోవలసింది కాదు. ఆంక్షలు తీసేసి నెలయినా, కూర్చుంటే మోకాలు ఊగుతూనే ఉంది. ఖాళీ చేతిలో బొటనవేలు పైకీ కిందికీ కదులుతూనే ఉంది.

క్లాసు అయ్యాక, అందరూ వెళ్ళిపోతుంటే, ఆమె కోదండపాణి మాస్టారి ముందుకు వచ్చి నిలబడింది.

"నేను ఒక్కరోజు మానలేదు మాస్టారూ. మంజీర నెట్ లేదని సగం రోజులు ఎగ్గొట్టింది."

"నిజంగానే లేదే," అంది మంజీర గజ్జెలు విప్పుతూ. "డాబా మీద ఒక్కదాన్నే చేసుకునేదాన్ని. కప్పు కూలుతుందని మా నాయనమ్మ తిట్టేది."

ప్రణతి అటు చూడలేదు. "నాకు అడుగు తప్పిందా మాస్టారూ?"

"తప్పలేదు."

"తాళం?"

"తప్పలేదు."

"మరి?"

మాస్టారు ఆమెను హాలు మధ్యలో నిలబెట్టి, మంజీరతో మూలనున్న ముగ్గుపిండి సంచి విప్పించి, హాలంతా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పలచగా చల్లించారు.

ప్రణతి బొటనవేలు కదలడం ఆగింది. "సింహమా మాస్టారూ?"

"సింహం కాదు. ఫోన్‌లో నేర్చుకున్న జతులు చెయ్యి. హాలంతా నీదే."

ఆయన చెక్కపలక మీద కర్రతో తాళం మొదలుపెట్టారు. ప్రణతి చేసింది. మూడో జతికే ఆయాసం వచ్చింది, అయినా ఆపలేదు. ఒక్క దెబ్బ తప్పలేదు. కర్ర ఆగాక, నుదుటి చెమట తుడుచుకుని మాస్టారి వైపు చూసింది.

"నన్ను కాదు, కింద చూడు," అన్నారాయన.

హాలు మధ్యలో చాపంత చోట పిండి చెదిరి, నల్లటి నేల బయటపడి ఉంది. అడుగు మీద అడుగు, అడుగు మీద అడుగు. నాలుగు అంచులూ కొలిచి కోసినట్టున్నాయి. చుట్టూ పిండి చల్లింది చల్లినట్టే ఉంది. వెనక అంచున మాత్రం, మడమ ఆనీ ఆనకుండానే వెనక్కి లాక్కున్న గుర్తులు వరసగా ఉన్నాయి.

మంజీర నవ్వబోయి ఊరుకుంది.

"ఇంట్లో నీ వెనక ఏముండేది?" అని అడిగారు మాస్టారు.

ప్రణతి వంగి ఆ గుర్తుల్ని చూసింది.

"మంచం," అంది. "ముందు బీరువా. ఫోను దానికే ఆనించేదాన్ని."

"దెబ్బలు తగిలేవా?"

"మొదట్లో తగిలేవి. తర్వాత తగల్లేదు."

మాస్టారు కర్రా పలకా తీసుకుని లేచారు. పిండిలో నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి, అవతలి మూల గోడ దగ్గర కూర్చున్నారు. కర్ర ఎత్తి పట్టుకున్నారు.

ప్రణతి తన అడుగుల అంచు దాకా వచ్చింది. కాలు లేచింది. గాలిలో ఆగింది.

"ఇక్కడ మంచం లేదమ్మా," అన్నారు మాస్టారు. "రా."