సానమ్మ గట్టు మీద మాణిక్యం రాయి

"మాణిక్యం! ఓ మాణిక్యం! రాయి తడిపాం, రావమ్మా!"

తొలకరి పడ్డాక వచ్చే మొదటి ఆదివారం పొద్దున్నే సానమ్మ గట్టు మీద ఈ పిలుపు వినిపిస్తుంది. పిలిచేది గుడి పెద్దామె. ఆమె పిలవగానే గట్టు కింద వరుసలో ఉన్న జనమంతా గొంతు కలుపుతారు. గోదావరి ఆ పిలుపును అవతలి ఒడ్డుదాకా మోసుకుపోతుంది. ఎవరి చేతిలో చూసినా ఒక చిన్న చాకే. మొక్కలకు అంటు కట్టే వాళ్ళ మడత చాకులు, పూలకొట్టు వాళ్ళ పొట్టి చాకులు, కాలేజీ పిల్లల తాళాలగుత్తికి వేలాడే బుల్లి చాకులు, అన్నీ ఆ పూట అమ్మ ముందుకు రావలసిందే.

ఈ గుడిలో విగ్రహం లేదు. మూరెడు పొడవున్న నల్లరాయి ఉంది. దాని ఒక పక్క అద్దంలా నున్నగా ఉంటుంది. ఆ రాయే సానమ్మ తల్లి. పక్కన గోడకు ఒక తోలుపట్టీ వేలాడుతుంది. మోటారు చక్రాలు, అంగట్లో అమ్మే లాగుడు సానలు తెచ్చుకున్న భక్తులు వాటిని గట్టు కిందే వదిలి పైకి రావాలి. ఎందుకంటే దానికో కథ ఉంది.

పూర్వం ఇక్కడ గట్టు అంచున తేనెగుత్తి అనే మామిడి చెట్టు ఒకటి ఉండేది. దాని పండు తిన్నవాళ్ళు కాసేపు మాట్లాడలేకపోయేవారట. అలాంటి చెట్టు ఇంకెక్కడా లేదు. ప్రతి వరదకూ గట్టు కోసుకుపోయి దాని వేళ్ళు గాలిలో వేలాడుతుండేవి. ఇంకొక్క పెద్ద వరద వస్తే చెట్టు ఏట్లో పడిపోతుందని అందరికీ తెలుసు. టెంక నాటితే మొక్క వస్తుంది గాని ఆ తీపి రాదు. కొమ్మ కోసి వేరే మొక్కకు అంటు కట్టాలి. అదొక్కటే దారి.

చెట్టు గనిరాజుది. తోటపని తప్ప మరో లోకం తెలియని కుర్రవాడు. రొంటిన ఎప్పుడూ ఒక మడత చాకు ఉండేది. ఆ ఊళ్ళోనే క్షౌరవృత్తి చేసే సూరయ్యకు మాణిక్యం అనే కూతురుండేది. ఇంటి పక్కనే రేవు ఉన్నా ఆమె బిందె మాత్రం ఈ గట్టుకే వచ్చేది. ఎందుకు వచ్చేదో బిందెకు తెలుసు, గనిరాజుకు తెలియదు.

గనిరాజు కట్టిన అంటు ఒక్కటీ బతకలేదు. కమ్మరి చక్రం మీద చాకుకు సాన పట్టించాడు. నిప్పురవ్వలు ఎగిరి, అంచు నీలం తిరిగి, ఉక్కు మెత్తబడిపోయింది. మరో చాకు కొని రేవు మెట్టు మీద గరగరా నూరాడు. అంచు రంపంలా లేచి, కొమ్మ బెరడును చీల్చేసింది. బొటనవేలితో తడిమి "పదునే!" అనుకునేవాడు. మర్నాటికి కొమ్మ నల్లబడేది.

ఒకరోజు మాణిక్యం ఉండబట్టలేక అడిగింది.

"ఏమండీ అబ్బాయిగారూ, కొమ్మని కోశారా, కొరికారా?"

"నీకెందుకే? బిందె నిండిందిగా, వెళ్ళు."

"మా రాయి మీద ఒక్కసారి నూరి చూడండి."

"గడ్డాలు గీసే రాయి మీద నా చాకా? చెట్టుకు క్షవరం చెయ్యమంటావా ఏంటి?"

అక్కడున్న వాళ్ళంతా పకపకా నవ్వారు. మాణిక్యం బిందె ఎత్తుకుని తల వంచుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆమె తడిజుట్టుతో గట్టు మీదికి వచ్చి, రాత్రి తనకు అమ్మవారు కలలో కనిపించిందని చెప్పింది. చెట్టు మొదట్లో తవ్వితే నల్లరాయిగా కనిపిస్తానని, తన పేరు సానమ్మ అని పలికిందట. తవ్వారు. రాయి దొరికింది. ఊరంతా చెంపలు వేసుకుంది. చాకుకు సాన ఎలా పట్టాలో కూడా అమ్మ చెప్పిందంది మాణిక్యం. రాయిని బాగా తడపాలి. చాకు వెన్ను కింద గడ్డిపరక దూరేంత ఎత్తే ఉంచాలి. ఇటు ఎన్నిసార్లో అటూ అన్నిసార్లే తియ్యాలి, తొందర కూడదు. అప్పుడు అంచున వెంట్రుకలాంటి పొర ఒకటి లేస్తుంది. ఆ పొరే ఇన్నాళ్ళూ కొమ్మల్ని చంపుతోంది. దాన్ని తోలుపట్టీ మీద వెనక్కి లాగుతూ రాల్చెయ్యాలి. చివరికి చాకు తాకగానే అరటాకు చప్పుడు లేకుండా తెగాలి.

గనిరాజు భక్తిగా అలాగే చేశాడు. ఆ కోత తడి వెన్నెలలా మెరిసిందని చెబుతారు. కొమ్మ మొక్కను కౌగిలించుకున్నట్టు అతుక్కుంది. కొన్నాళ్ళకు రాగిరంగు చిగురు తొంగిచూసింది. శ్రావణంలో వరద వచ్చి, పెద్దచెట్టు అందరూ చూస్తుండగానే గోదాట్లోకి ఒరిగిపోయింది. గనిరాజు అంటుమొక్క కుండను గుండెకు హత్తుకుని ఏడుస్తూనే నవ్వాడు.

ఆ నవ్వులోనే మొక్కేసుకున్నాడు. "ఇక నా బతుకు అమ్మకే. పెళ్ళీ గిళ్ళీ వద్దు, కాషాయం కట్టేస్తాను" అన్నాడు. ఊరు మెచ్చుకుంది. ఒక్క మాణిక్యం చేతిలో బిందె మాత్రం జారిపడి సొట్టపోయింది.

రాయికి గుడి కట్టిన రోజున, కల కన్న పిల్లే మొదటి నీళ్ళు పొయ్యాలని పెద్దలు ఆమెను పేరు పెట్టి పిలిచారు. ఆమె రాలేదు. మళ్ళీ మళ్ళీ పిలిచారు. చివరికి వచ్చింది గాని నీళ్ళు పొయ్యలేదు. కాషాయం గుడ్డ చేతపట్టుకుని నిలబడిన గనిరాజు ముఖంలోకి చూసి, దాచుకున్న మాట పైకి చెప్పేసింది. అప్పుడు ఊళ్ళో పెద్దావిడ ఒకామె, "అమ్మ నిద్రలో రాలేదేమో గాని ఈ పిల్ల నోట మెలకువలో పలికింది. చిగురు కనబడటం లేదా?" అంది. గనిరాజు ఆ కాషాయం గుడ్డను పసుపునీళ్ళలో ముంచి, అది కట్టుకునే పెళ్ళిపీటల మీద కూర్చున్నాడట.

ఇప్పటికీ భక్తులు చాకును ముందు రాయి మీద, తరువాత తోలు మీద సానపట్టి, అరటాకు కోసి చూసుకుంటారు. ఇక్కడ సానపట్టిన చాకుతో కట్టిన అంటు బతుకుతుందని, మనసులో మాట ఉన్నవాళ్ళు ఆ రోజు ఈ గట్టు మీద చెప్పేస్తే ఆ జంట అతుక్కుంటుందని నమ్మకం. అలా కలిసిన జంటలు ఏటా వచ్చి అంటుమొక్క ఒకటి నాటి వెళ్తుంటారు. పూజ అయ్యాక గుడి పెద్దామె రాయి మీద చెయ్యి వేసి, ఆనాటి మాణిక్యం మాటల్ని ఉన్నవి ఉన్నట్టు పైకి చెబుతుంది. అందరూ లేచి నిలబడి వింటారు:

"నాకు ఏ కలా రాలేదండి. ఆ రాయి మా తాత మంగలికత్తుల పొదిలోది. నేనే పాతిపెట్టాను. నేను చెబితే నవ్వారు, అమ్మ చెబితే వింటారని అమ్మ పేరు పెట్టాను. అమ్మ నన్నేం చేసినా సరే. మీరు మాత్రం ఆ గుడ్డ కట్టుకోకండి అబ్బాయిగారూ. మీరంటే నాకిష్టం."