పన్నెండో తొట్టి నీళ్లు

ఉప్పుటేటి ఒడ్డున గుల్లలపాలెం దగ్గర, తన లెక్కకు అడ్డం వచ్చిన అంకెను కొట్టేసే అలవాటున్న త్రివిక్రమం అనే పరిశోధకుడు ఉండేవాడు. కాలుష్యం మీద పరిశోధన చేసే ఒక చిన్న కేంద్రానికి అతనే పెద్ద. పది రీడింగులు ఒక తీరుగా వచ్చి పదకొండోది పక్కకు జరిగితే, "ఇక్కడెవరో చెయ్యి జారారు" అని దాని మీద ఎర్ర పెన్సిలుతో గీత గీసేవాడు. చాలాసార్లు అతని మాటే నిజమయ్యేది. అదే వచ్చిన చిక్కు. నాలుగుసార్లు కలిసొచ్చిన అలవాటును మనిషి తెలివి అనుకుంటాడు.

మనిషి చెడ్డవాడు కాడు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఏటికి ఎగువన తలుపుల గొళ్లేలకు, బందులకు మెరుగు పూత వేసే చిన్న చిన్న కార్ఖానాలు ఉండేవి. పూత వేయగా మిగిలిన మడ్డిని పెరట్లో కుప్పలు పోసేవారు. వాన పడితే అది కాలవల్లోకి దిగేది. అందరూ ముక్కు మూసుకుని ఆ దారిన పోయేవారు. త్రివిక్రమం ఒక్కడే ఆగి చూశాడు. ఆరేళ్లు కష్టపడి ఆ మడ్డిని బూడిదతో, సిమెంటుతో కలిపి గట్టి ఇటుకలు చేశాడు. మడ్డిలోని విషలోహం ఇటుకలోనే ఉండిపోతుంది, బయటికి రాదు అని అతని నమ్మకం. చెత్తా పోతుంది, పనికొచ్చే ఇటుకా మిగులుతుంది. ఇలాంటి ఆలోచన చేసిన మనిషిని తిట్టడానికి నాకు నోరు రాదు. అందుకే ఈ కథ చెబుతుంటే నాకు కోపం కన్నా బాధే ఎక్కువ కలుగుతుంది.

గుల్లలపాలెంలో నలభై కుటుంబాల ఆడవాళ్లు ఏటిలోని గుల్లల మేట మీదే బతికేవారు. గుల్లలోని మాంసం సంతలో అమ్మేవారు, చిప్పలు సున్నం బట్టీకి వేసేవారు. ఆటు వేళ మోకాలి లోతు నీళ్లలోకి దిగి, గుల్లల్ని కళ్లతో కాదు, అరికాళ్లతో వెతికేవారు. బురదలో కాలు పెడితే చాలు, ఇది బతికిన గుల్ల, ఇది ఖాళీ చిప్ప, ఇది ఇంకా పిల్ల అని చెప్పేసేవారు. పిల్ల గుల్ల తగిలితే దాన్ని కాలితోనే మళ్లీ బురదలోకి నొక్కి వదిలేసేవారు. ఈ విద్యలో నూకాలమ్మ అనే ఆవిడది అందె వేసిన చెయ్యి అనాలి, కాలు అన్నా తప్పు లేదు. అత్త దగ్గర నేర్చుకుంది. కొత్తగా కాపురానికొచ్చిన కోడలికి నేర్పుదామని చూస్తోంది.

రెండేళ్లుగా పోటు వచ్చినప్పుడల్లా ఏరు ఒడ్డును కోసేస్తోంది. గుల్లలు ఉడకబెట్టుకునే పాకలు ఒకటి తర్వాత ఒకటి నీళ్లలో కలిసిపోయాయి. నూకాలమ్మ ఒకరోజు తానే పరిశోధన కేంద్రానికి వెళ్లింది.

"బాబూ, మీరు గట్టి ఇటుకలు సేస్తన్నారంట గదా. మా ఒడ్డుకో గోడ కట్టించండి. వానల్లోపు కట్టకపోతే మాకు నిలబడ్డానికి సోటుండదు" అంది.

"నీళ్లలో నానినా ఇటుకల నుంచి ఏమీ బయటికి రాదని ముందు తేలాలి, నూకాలమ్మా. నలభై రోజులు పడుతుంది. తేలగానే నేనే దగ్గరుండి కట్టిస్తాను" అన్నాడు త్రివిక్రమం.

అన్నట్టే పరీక్ష మొదలుపెట్టాడు. పన్నెండు తొట్లు తెప్పించి, ఒక్కొక్క దానిలో పది ఇటుకలు పెట్టించాడు. ముప్పై ఏళ్లుగా ఆ ల్యాబులో పనిచేస్తున్న మస్తాన్‌వలీ వాటిలో బోరు నీళ్లు పట్టించాడు. పదకొండు తొట్లు నిండేసరికి బోరు మోటారు కాలిపోయింది. నూకాలమ్మ ఆ రోజు సంగతి కనుక్కుందామని వచ్చి అక్కడే ఉంది. "కాసిని ఏటి నీళ్లు తెచ్చి ఈ ఒక్కటీ నింపమ్మా" అని చెప్పి మస్తాన్‌వలీ మోటారు బాగుచేయించడానికి వెళ్లాడు. ఆమె నాలుగు తడవలు ఏటికి తిరిగి పన్నెండో తొట్టి నింపి వెళ్లింది.

నలభై రోజులు గడిచాయి. పదకొండు తొట్లలో విషలోహం ఆనవాలే లేదు. పన్నెండో తొట్టిలో మాత్రం ఉండదగిన దానికి తొమ్మిది రెట్లు వచ్చింది.

"ఈ నీళ్లు ఎవరు పోశారు?" అని అడిగాడు త్రివిక్రమం.

"నూకాలమ్మ సార్. ఏటి నీళ్లు" అన్నాడు మస్తాన్‌వలీ.

"దేనిలో తెచ్చింది?"

"నేను చూడలేదు సార్. వాళ్లింటి బిందెలోనే తెచ్చి ఉంటుంది."

"అదీ సంగతి. ఏటి నీళ్లలో ఇంత విషం లేదు, మెరుగు పూత బిందె అయి ఉంటుంది. ఆ పూతే నీళ్లలోకి దిగింది" అని త్రివిక్రమం ఆ అంకె మీద ఎర్ర గీత గీశాడు.

మస్తాన్‌వలీ మాత్రం, "మళ్లీ ఒకసారి పెడదాం సార్. ఈసారి అన్నిటిలో ఏటి నీళ్లే పోద్దాం" అన్నాడు.

"ఇంకో నలభై రోజులా? అప్పటికి వానలు దిగుతాయి. వాళ్ల పాకలు కొట్టుకుపోతే మీరు వెళ్లి అడ్డం నిలబడతారా?" అన్నాడు త్రివిక్రమం.

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అయితే లోపల ఇంకో మాట కూడా ఉంది, అది పైకి రాలేదు. ఆరేళ్ల కష్టం ఒక్క తొట్టి నీళ్లలో మునిగిపోవడం అతనికి ఇష్టం లేదు. నిజానికి ఇందులో పెద్ద చదువు అక్కర్లేదు. ఇనుప మేకు మంచినీళ్లలో కన్నా ఉప్పునీళ్లలో త్వరగా పాడవుతుందని మనందరికీ తెలుసు. గోడ నిలబడబోయేది ఉప్పుటేట్లో. ఆ ఉప్పునీళ్లలో ఇటుకను నానబెట్టి చూసింది ఆ ఒక్క తొట్టిలోనే. ఇంత చదివినవాడికి ఆ చిన్న సంగతి తట్టలేదా అని మీరు అడగవచ్చు. తట్టనివ్వలేదని నా అనుమానం.

గోడ కట్టారు. ఆ సంవత్సరం వానలకు ఒడ్డు ఒక్క జానెడు కూడా తెగలేదు. ఆడవాళ్లు త్రివిక్రమాన్ని కూర్చోబెట్టి గుల్లల కూరతో భోజనం పెట్టారు. పత్రికల్లో అతని ఫొటో పడింది. చెత్తతో ఏటిని కాపాడిన మేధావి అని రాశారు. రాజధానిలో సన్మానం చేస్తామని ఉత్తరం వచ్చింది.

మరుసటి ఎండాకాలం నూకాలమ్మ ఒక తట్టలో గుల్లలు వేసుకుని వచ్చింది. తట్టను అతని బల్ల మీదే పెట్టేసింది.

"ముట్టుకోండి బాబూ" అంది.

త్రివిక్రమం వేలితో ఒక గుల్లను తాకాడు. అది నోరు తెరుచుకునే ఉంది.

"బతికిన గుల్లని ముట్టుకుంటే టక్కున మూసుకోవాల. ఇయ్యి సూడండి, తలుపు తీసి ఒదిలేసిన ఇల్లులాగ ఉన్నాయి. సచ్చిపోనేదు, అలాగని మూసుకోనేదు."

"ఎండలకు నీళ్లు వేడెక్కి ఉంటాయి" అన్నాడు అతను.

"నలభై ఎండాకాలాలు సూసినాను బాబూ. ఎండకి గుల్ల బురదలోకి దిగుద్ది గానీ మూసుకోడం మర్సిపోదు. గోడ పక్కనున్నయ్యే ఇలాగున్నాయి. అవతల ఒడ్డునున్నయ్యి బాగానే ఉన్నాయి."

త్రివిక్రమం వేలు వెనక్కి తీసుకున్నాడు. "నూకాలమ్మా, అప్పుడు తొట్టిలోకి నీళ్లు తెచ్చావు కదా, ఏ బిందెలో తెచ్చావు?" అని అడిగాడు.

"బిందె కాదు బాబూ, మట్టి కుండ. ఆ రోజే సంతలో కొన్న కొత్త కుండ. మీ సదువుకి కావలసిన నీళ్లు గదా అని, సేపల బిందె ముట్టుకోకుండా దాన్లో తెచ్చినాను" అందామె.

ఆ మాట అతను విన్నాడు. అతని తప్పంతా నిజంగా ఇక్కడ మొదలవుతుంది. మొదటిసారి గీత గీసినప్పుడు తొందర అనుకోవచ్చు, పొరపాటు అనుకోవచ్చు. ఇప్పుడు తెలిసింది. ఆ సాయంత్రమే తొట్లు మళ్లీ నింపించి ఉండాల్సింది. గోడ తీయించి ఉండాల్సింది. కానీ సన్మానం ఇంకో మూడు వారాల్లో ఉంది.

"వానలు పడ్డాక చూద్దాంలే నూకాలమ్మా. కొత్త నీరు వస్తే అవే కోలుకుంటాయి" అన్నాడు.

ఆమె తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది. చదువుకున్న మనిషి మాట కదా అని నమ్మింది.

సన్మానం జరిగింది. వానలు పడ్డాయి, ఆగాయి. కార్తీకం వచ్చేసరికి నూకాలమ్మ మళ్లీ కేంద్రానికి వచ్చింది. ఈసారి చేతిలో తట్ట లేదు.

"ఒకసారి రండి బాబూ" అంది అంతే.

ఏటి ఒడ్డున చెప్పులు విప్పమంది. త్రివిక్రమం ప్యాంటు మడుచుకుని ఆమె వెనకే నీళ్లలోకి దిగాడు. పన్నెండేళ్లుగా ఆ ఏటి మీద పరిశోధన చేస్తున్నాడు కానీ, వట్టి కాళ్లతో అందులోకి దిగడం అదే మొదలు. అడుగు వేసిన చోటల్లా కాళ్ల కింద ఖాళీ చిప్పలు పటపటమని విరిగాయి. పదడుగులు వేశాడు, యాభై అడుగులు వేశాడు. గోడ దగ్గర నుంచి మేట చివరిదాకా నడిచాడు. బతికిన గుల్ల ఒక్కటి కూడా కాలికి తగల్లేదు. వెనక్కి తిరిగి చూస్తే నూకాలమ్మ నీళ్లలో నిలబడి ఏడుస్తోంది.

ఆ రోజే అతను కొత్త ఇటుకలు పెట్టించి, అవతల ఒడ్డు నుంచి తెచ్చిన ఏటి నీళ్లతో పన్నెండు తొట్లూ నింపించాడు. నలభై రోజులకు పన్నెండింటిలోనూ విషం బయటపడింది. గోడ తీసేసి నల్లరాయి పేర్పించాడు. మేట బురదను అంగుళం అంగుళం పరీక్షించాడు. నూకాలమ్మ తట్ట తెచ్చిన రోజే గోడ తీసి ఉంటే సగం మేటైనా దక్కేదని ఆ పరీక్షల్లోనే తేలింది. ఈసారి ఏ అంకెనూ కొట్టేయలేదు. కొట్టేయాలని చాలా అనిపించి ఉంటుంది.

తర్వాత అతను తన పరిశోధన తప్పని పత్రికలకు రాశాడు. సన్మానంలో ఇచ్చిన పతకం తిప్పి పంపేశాడు. గుల్లలపాలెం వెళ్లి, ఉడకబెట్టడానికి ఏమీ లేక చల్లబడిపోయిన పాకలో ఆడవాళ్లందరి ముందూ నిలబడ్డాడు. తొట్టి సంగతి, గీత సంగతి, మట్టి కుండ అని తెలిసి కూడా సన్మానం కోసం నోరు మూసుకున్న సంగతి, అన్నీ దాచకుండా చెప్పాడు. ఒకావిడ లేచి వెళ్లిపోయింది. మిగతావాళ్లు తలలు దించుకుని విన్నారు.

చివరికి నూకాలమ్మే మాట్లాడింది.

"ఒప్పుకున్నారు, మంచిదే బాబూ. మేట మళ్లీ ఎప్పుడు కడద్ది?"

"తెలియదమ్మా. బురదలో ఇంకిన విషం పోవాలి. ఇరవై ఏళ్లు పట్టవచ్చు, ఇంకా ఎక్కువే పట్టవచ్చు."

ఆమె గుమ్మం దగ్గర కూర్చున్న కోడలి వైపు చూసింది. ఆ పిల్ల రేపటి నుంచి రొయ్యల ఫ్యాక్టరీలో పనికి వెళ్లడానికి పేరు రాయించుకుని వచ్చింది.

"ఇరవై ఏళ్లకి నానుండను గదా బాబూ. మా అత్త నాకు నేర్పిన ఇద్దె ఇది. మరి దీన్ని నా కోడలికి ఏ నీళ్లలో నేర్పమంటారు?" అని అడిగింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు త్రివిక్రమం ఆ ఏటి మీదే పనిచేశాడు, నిజాయితీగానే పనిచేశాడు. ఆ ప్రశ్నకు మాత్రం జవాబు దొరకలేదు.

కాబట్టి పిల్లలూ, మన నమ్మకానికి ఎదురొచ్చిన సాక్ష్యాన్నే మనం అన్నిటికన్నా ముందు పరీక్షించాలి. తప్పు తెలిసిన రోజే దిద్దుకోవాలి, ఎందుకంటే ఆలస్యంగా ఒప్పుకున్న తప్పు మన మనసును కాస్త తేలిక చేయవచ్చు గానీ ఎదుటివాళ్లు పోగొట్టుకున్నదాన్ని తెచ్చి ఇవ్వలేదు.