రెండు ఊళ్ల మధ్యాహ్నం

సూళ్లూరుపేటలో పెంచలయ్య అనే మేస్త్రీ ఉండేవాడు. పనిలో దిట్టే గానీ, ఎక్కడ తేడా వచ్చినా ముందు ఎదుటివాడి మీదికే వేలు చూపించేవాడు.

అతను తన ఊళ్లో ఒక గ్రంథాలయం కట్టాడు. కప్పులో చిన్న రంధ్రం, సరిగ్గా దాని కింద నేల మీద రాతి పువ్వు. ఏప్రిల్ చివర్లో ఒకరోజు సూర్యుడు నడినెత్తికి వస్తే ఎండ తిన్నగా పువ్వు మధ్యలో పడేది. అది చూసి ముచ్చటపడి, ఎక్కడో ఉత్తరాన ఉన్న ఇచ్ఛాపురం పెద్దలు, "మాకూ అచ్చం ఇలాంటిదే కట్టు. అదే రోజున తెరుస్తాం" అన్నారు.

పెంచలయ్య వెళ్లి కట్టాడు. పువ్వు పరిచింది మాత్రం ఆ ఊరి రాతిపనివాడు తవిటయ్య.

ఆ రోజు మధ్యాహ్నం ఊరంతా లోపల చేరింది. ఎండ దిగింది. పువ్వు మధ్యలో కాదు, జానెడు ఉత్తరంగా పడింది.

"నేల వాల్చేశావు గదయ్యా" అన్నాడు పెంచలయ్య, అందరూ వినేలా.

తవిటయ్య కప్పెక్కి రంధ్రంలోంచి దారం కట్టిన తూకపు గుండు వదిలాడు. అది పువ్వు మధ్యలోనే ఆగింది. "ఇందులో వాలిందేటి బాబూ?" అన్నాడు.

"గుండు సంగతి నాకు చెప్పబాక. ఎండ అబద్ధమాడుద్దా?" అంటూ పెంచలయ్య గడ్డపార తీసుకుని పువ్వును తనే పెకలించాడు. రాయి రెండు ముక్కలైంది. కింద నేల చదునుగానే ఉంది. తవిటయ్య ఆ ముక్కల వంక చూసి, ఉలి, సుత్తి సర్దుకుని వెళ్లిపోయాడు. ఇక ఆ ఊళ్లో అతన్ని పనికెవరు పిలుస్తారు?

పెంచలయ్య తమ్ముడికి ఫోన్ చేశాడు. "మన ఊళ్లో ఎండ ఎక్కడ పడిందిరా?"

"పువ్వు మధ్యలోనే అన్నా. ఏం, ఆడ పడలేదా?"

పెంచలయ్యకు మతి పోయినట్టయింది. సూర్యుడు ఒక్కడే. అక్కడి గుండూ నిలువే, ఇక్కడి గుండూ నిలువే. మరి తేడా ఎక్కడ?

దిష్టికి కొట్టాలని తెచ్చిన గుమ్మడికాయ గుమ్మం ముందు ఎండలో ఉంది. ఏమీ తోచక దానికి నిలువుగా ఒక మేకు గుచ్చాడు. కాస్త అవతల ఇంకోటి గుచ్చాడు. కాయను తిప్పి మొదటి మేకు నీడ మాయం చేస్తే, రెండోదానికి నీడ సాగింది. రెండోదాని నీడ మాయం చేస్తే మొదటిదానికి సాగింది. అవే మేకులు చెక్కకు కొట్టి చూశాడు. రెండు నీడలూ ఒకేసారి పోయాయి, ఒకేసారి వచ్చాయి.

అంటే ఈ రెండు ఊళ్లూ ఉన్నది చెక్క మీద కాదు, గుమ్మడికాయ మీద. భూమి గుండ్రమని అతను బళ్లో చదివాడు, పరీక్షలో రాశాడు కూడా. తన గుండు వేలాడేది ఆ గుండ్రం మీదేనని, ఊరు మారితే నిలువే మారుతుందని ఏనాడూ తట్టలేదు.

పరుగున వెళ్లి తవిటయ్యను వీధిలో ఆపాడు. "తప్పు నాదే. నీ నేలలో ఏ వంకరా లేదు."

"అక్కడ ఊరందరి ముందూ అన్నారు బాబూ. ఇక్కడ నా చెవిలో సెప్తే ఎలా?"

పెంచలయ్య వెనక్కి వెళ్లి, విరిగిన రాయి పక్కన నిలబడి, తల దించుకుని అదే మాట అందరికీ చెప్పాడు. తవిటయ్య విని, కొత్త రాయి తెప్పించమన్నాడు. విరిగిన పువ్వు మాత్రం అతకలేదు.

మన ఊరి నిలువే లోకమంతటికీ నిలువు కాదు. కాబట్టి ఎదుటివాడి పని వంకర అనే ముందు మన కొలతను కొలిచి చూసుకోవాలి.