మద్దులకోన అడిగినమ్మ

మద్దులకోనకు రావాలంటే బస్సు దిగి వాగు వెంట రెండు మైళ్లు నడవాలి. గుడికి గోపురం లేదు. నాలుగు రాతి స్తంభాలు, పైన రాతిబండల కప్పు, దాని కింద అడిగినమ్మ విగ్రహం. వాగుకు ఆవలి గట్టున నున్నని ఎర్రబండ గోడలా నిలిచి ఉంటుంది. సాయంత్రం వేళ పడమటి కొండదారిన ఎవరు నడిచినా వారి నీడ ఈ బండ మీద పడుతుంది. అందుకే దీనికి నీడలబండ అని పేరు. భక్తులు పసుపు కుంకుమలు, కొబ్బరికాయలు తేవచ్చు. గన్నేరుపూలు మాత్రం తేరాదు. కొత్తగా వచ్చినవారు కారణం అడుగుతుంటారు కనుక ఆ వృత్తాంతం ఇక్కడ రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ పిన్నమ నాయకుడనే దొర కోట కట్టుకొని కోనను ఏలేవాడు. కొండదారి కోటకు కనిపించదు, నీడలబండ మాత్రం ఎదురుగా కనిపిస్తుంది. ఆయన ప్రతి సాయంత్రం బురుజు మీద కూర్చొని ఆ నీడలనే చూసేవాడు. ఎవరు ఎక్కడికి వెళ్లారో, ఏం మోసుకొచ్చారో చెప్పి అందరినీ ఆశ్చర్యపరిచేవాడు. తనకు తెలియకుండా కోనలో ఆకు కూడా కదలదని నమ్మేవాడు.

ఆ కోనలోనే ఈరసాని అనే వృద్ధురాలు ఉండేది. వృత్తిరీత్యా మంత్రసాని. మూడు తరాల పిల్లలు ఆమె చేతుల మీదుగానే పుట్టారు. పిన్నమ నాయకుడు తొలి ఏడుపు ఏడ్చింది కూడా ఆమె చేతుల్లోనే. తగవులు పడ్డవారు ఆమె గడపకు వెళ్లేవారు. ఆమె తీర్పు చెప్పేది కాదు. నొప్పులు పడే తల్లి పక్కన కూర్చున్నంత ఓపికగా ఒక్కొక్క ప్రశ్నే అడిగేది. చివరకు నిజం వాళ్ల నోటి నుంచే బయటపడేది. ఎవరైనా మెచ్చుకుంటే, బిడ్డ తల్లి కడుపులోదే గాని మంత్రసాని తెచ్చింది కాదని చెప్పేది.

ఒక సాయంత్రం పిన్నమ నాయకుడు బండ మీద రెండు నీడలు చూశాడు. ఒకటి గొడ్డలి ఎత్తింది, రెండవది నేలకు ఒరిగింది. ఆ రోజే మేకలకాపరి బీరన్న ఇల్లు చేరలేదు. గొడ్డలితో ఆ దారిన వెళ్లినవాడు గురవడు. కట్టెలు కొట్టి బతికేవాడు, పెళ్లయి ఏడాది తిరగలేదు. మేకల కోసం కొమ్మ నరికి ఇచ్చానని, బీరన్న వంగి అది తీసుకొని వెళ్లిపోయాడని గురవడు మొత్తుకున్నాడు. దొర వినలేదు.

తీర్పు చెప్పే సభలో ఈరసాని లేచి నిలబడింది.

“గొడ్డలిని చూశావా నాయనా, గొడ్డలి నీడను చూశావా?”

నీడనే చూశానని దొర ఒప్పుకున్నాడు. శవం ఎక్కడని ఆమె అడిగింది. ఆయనకు తెలియదు. నెత్తుటికి నీడ ఉంటే అది ఏ రంగులో కనబడిందని అడిగింది. సభలో ఎవరో నవ్వారు. దొర ముఖం నల్లబడింది. “నాకు తెలుసు” అని ఒక్క మాట అని లేచిపోయాడు. మరునాడు ఉదయం గురవడిని ఉరి తీశారు. ఆ నవ్వు పుట్టించింది నా నోరేనని ఈరసాని ఎన్నో రోజులు అన్నం ముట్టలేదు.

తొమ్మిదవ రోజున బీరన్న తిరిగివచ్చాడు. తప్పిపోయిన రెండు మేకల కోసం కనుమ దాటి వెళ్లాడట. గురవడి భార్య లచ్చక్క అతని ముఖం చూసి కూలబడిపోయింది.

తన తీర్పు తప్పని దొర ఒప్పుకోలేదు. అప్పటి నుంచి ఈరసాని రోజూ పొద్దున్నే కోటవాకిట కూర్చొని, గురవడు చంపాడని దొరకు ఎలా తెలిసిందని వచ్చేవారిని పోయేవారిని అడగసాగింది. కొన్నాళ్లకు నీళ్లకు వచ్చే ఆడవాళ్లు, పశువుల కాపరులు కూడా అదే మాట అడగసాగారు. దొర భయపడ్డాడు. ఆమె నోరు మూసుకోవాలి, లేదా గన్నేరువేరు విషకషాయం తాగాలి అని ఆజ్ఞ ఇచ్చాడు. ఈరసాని అడగడం మానలేదు.

కావలివాళ్లందరూ ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే. ఆమె పారిపోయేందుకు కనుమదారిన కాపలా తీసేస్తామని కబురు చేశారు. కూతురు చెన్నక్క మూట కట్టుకొని వచ్చి కాళ్లు పట్టుకుంది.

“ఇన్నేళ్లు అందరినీ ఈ కోన కట్టుబాటుకు తలవంచమన్నాను. నా వంతు వచ్చేసరికి పారిపోనా?” అంది ఈరసాని. “చావు చెడ్డదో మంచిదో నాకు తెలియదు తల్లీ. తెలియనిదానికి భయపడితే, తెలుసని అబద్ధమాడినట్టే.”

మధ్యాహ్నం ఆమె ఆ కషాయం తాగింది. ఆమె నోరు మూసుకుంటుందనే అనుకున్న పిన్నమ నాయకుడు కబురు విని చెప్పులు కూడా లేకుండా పరిగెత్తివచ్చాడు. ఆమె తల చెన్నక్క ఒడిలో ఉంది. ఆయనను గుర్తుపట్టి, పసివాడిని అడిగినట్టే అడిగింది.

“గురవడు చంపాడని నీకెలా తెలిసింది నాయనా?”

ఆయన నేల మీద కూర్చొని ఆమె చెవి దగ్గరకు వంగాడు. “నాకు తెలియదు అవ్వా” అన్నాడు. ఆ మాట ఆమె విన్నదో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. చూసేసరికి ప్రాణం లేదు.

ఆయన గద్దె దిగిపోవాలనుకున్నాడు. ఆ వారంలోనే ఈరసాని కలలో కనిపించి, నువ్వు దిగితే గురవడు లేచివస్తాడా అని అడిగిందట. అందువల్ల ఇష్టం లేకపోయినా ఏలాడు. బురుజు పడగొట్టించాడు. ఆమె కన్నుమూసిన చోట అడిగినమ్మ అనే పేరుతో ఆమె విగ్రహం నిలిపి, దాని ఎదుట నేల మీద కూర్చొని తగవులు విన్నాడు. తెలియనిది తెలియదని చెప్పి, తెలిసినవారిని పిలిపించుకునేవాడు. ఆయన ఏలుబడిలో మళ్లీ ఎవరినీ ఉరి తీయలేదు. అయినా లచ్చక్క ఆయనను క్షమించలేదు. ఆయన కూడా ఏనాడూ క్షమించమని అడగలేదు.

నేటికీ ఈ కోనలో సర్పంచి గాని, పెద్దమనిషి గాని పదవి చేపట్టేముందు ఇక్కడికి వచ్చి నేల మీద కూర్చుంటారు. లచ్చక్క పుట్టింటి వంశంలోని ఆడపడుచు వారి ఎదుట నిలబడి, గురవడు చంపాడని నీకెలా తెలిసిందని అడుగుతుంది. నిందపడ్డవారు, కోర్టుల చుట్టూ తిరిగి అలసినవారు ఆ రోజున దూరప్రాంతాల నుంచి వచ్చి కూర్చుంటారు. వారి పనులు జరుగుతాయని మేము చెప్పలేము. ఇక్కడ ఏడ్చిన తర్వాత గుండె బరువు దిగిందని మాత్రం చాలామంది చెప్పారు.

పదవి చేపట్టేవారు ఆ ప్రశ్న విని లేచి, అమ్మవారి చెవి దగ్గరకు వంగి, ఆమెకు వినబడేలా జవాబు చెబుతారు.

“నాకు తెలియదు అవ్వా.”