పూసిన కాడ

గొంతుకు ఆపరేషనయ్యాక తాయారు పాట పోయింది. మాట మిగిలింది, అదీ బొంగురుగా.

పద్దెనిమిదేళ్ళు ఆశ్రమం మందిరంలో రోజూ తెల్లవారుతూండగా స్వామికి మేలుకొలుపు పాడింది తనే. అవి తాయారు నాయనమ్మ పాడుకున్న పాటలు. ఏ పుస్తకంలోనూ లేవు. ఇప్పుడా చోట వకుళ అనే కొత్త పిల్ల కూర్చుని, పుస్తకం చూసి వేరే పాటలేవో పాడుతోంది.

ఒకనాటి పొద్దున తాయారు బట్టలు మూటకట్టుకుని గురువుగారి గదికి వచ్చింది. గురువంటే తొంభై దాటిన పెద్దావిడ. ఆశ్రమంలో అందరికీ అవ్వే.

"అవ్వా, నాకు సెలవిప్పించండి. మా తమ్ముడింటికి పోతాను. పాడలేనిదాన్ని, ఇక్కడ నాకేం పని?"

"ఆ పాటలు వకుళకి చెప్పావా?"

"ఈ గొంతుతోనా? నవ్విపోతుంది."

అవ్వ కిటికీ దగ్గర వేలాడుతున్న కుండీ వైపు చూసింది.

"సరే, వెళుదువుగాని. పోయేముందు ఆ తీగ సంగతి కాస్త చూసి పో. మూడు రోజులైంది దాన్ని ఎవరూ పలకరించక."

మైనం పూసినట్టు నున్నగా, దళసరిగా ఉండే ఆకుల తీగ అది. అంతకు ముందు ఆ కుండీలో మనీప్లాంటు ఉండేది. ఆశ్రమం పిల్లి బుచ్చి దాన్ని నమిలి, నోటంట నురగ కారుస్తూ రెండు రోజులు పాలు కూడా ముట్టలేదు. అవ్వ వెంటనే దాన్ని తీసేయించి ఈ తీగ తెప్పించింది. ఇదైతే బుచ్చి కొరికినా దానికేమీ కాదు. కొరికిన గాట్లు కింది ఆకుల మీద ఉండనే ఉన్నాయి.

తాయారు నీళ్ళ చెంబు ఎత్తింది.

"ఆగు. మట్టిలో వేలు పెట్టి చూశావా?"

చూసింది. "తడిగానే ఉందవ్వా."

"మరి పొయ్యకు. దానికి దాహమైతే పొయ్యాలి గానీ, మనకు తోచనప్పుడల్లా కాదే."

అంత దిగులులోనూ తాయారుకి నవ్వొచ్చింది. చెంబు దించి, తడిగుడ్డతో ఒక్కో ఆకు మీది దుమ్ము తుడిచింది. కత్తెర తీసుకుని పండుటాకులు రెండు కత్తిరించింది. ఆకుల మధ్య మొండిగా ఒక కాడ కనిపించింది. ఆకూ లేదు, మొగ్గా లేదు. పోయినేడు పూలు రాలిపోయాక మిగిలిన కాడ. కత్తెర దాని దగ్గరకు పోగానే అవ్వ చెయ్యి వచ్చి తాయారు మణికట్టు పట్టుకుంది.

"అది కొయ్యకు."

"ఎండిపోయింది కదవ్వా."

"ఎండిపోలేదు. పూసింది."

అవ్వ గోటితో కాడను కాస్త గీకింది. లోపల పచ్చగా ఉంది. చిన్న పాలచుక్క ఉబికి వచ్చింది.

"ఈ తీగ ఒకసారి పూసిన చోటే మళ్ళీ పూస్తుంది," అంది అవ్వ.

"ఎప్పుడు?"

"అది నన్నడిగితే?"

తాయారు కత్తెర తీసిన చోటే పెట్టింది. గుమ్మం దగ్గర మూట మీద బుచ్చి ముడుచుకుని పడుకుంది. తాయారు దాన్ని లేపలేదు.

మర్నాడు తెల్లవారుతూండగా తాయారు వచ్చి వకుళ పక్కన కూర్చుంది. ఆ పిల్ల కంగారుగా జరిగింది.

"అక్కా, మీరు పాడతారా?"

"నేను అంటాను. నువ్వు పాడు."

బొంగురు గొంతుతోనే మొదటి చరణం చెప్పింది. వకుళ నవ్వలేదు. పుస్తకం మూసి పాడింది, తప్పింది, మళ్ళీ పాడింది.

"కాదమ్మా, అక్కడ కాస్త ఆగాలి. మా నాయనమ్మ అక్కడ ఆగేది, స్వామి కళ్ళు తెరిచేదాకా."

శ్రావణం వచ్చింది. ఒక సాయంత్రం అవ్వ గదిలో అడుగుపెట్టిన తాయారుకు తియ్యటి వాసన తగిలింది. ఆ మొండికాడ చివర, చిన్న చిన్న నక్షత్రాల్లా, గుత్తంతా విచ్చుకుని ఉంది.

"అవ్వా! ఇది చూశారా..."

"ఉండు," అంది అవ్వ, కళ్ళు మూసుకునే.

అవతల మందిరంలో వకుళ ఆ పాట సాధన చేసుకుంటోంది. నాయనమ్మ ఆగే చోటుకి వచ్చింది. ఆగింది.

అవ్వ కళ్ళు తెరిచి తాయారు వైపు చూసింది.

తాయారు రెండు చేతులూ జోడించింది. స్వామికో, అవ్వకో, ఎప్పుడో పోయిన నాయనమ్మకో తనకే తెలియలేదు. తర్వాత కళ్ళు తుడుచుకుని, కుండీ మట్టిలో వేలు పెట్టి చూసింది.

పొడిగా ఉంది. వెళ్ళి నీళ్ళు తెచ్చింది.